చావీన్ చీకటి గుడిలోని రాయి: ఎవరు చూడాలని చెక్కారు?

రాతిమనిషి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది చీమకుర్తి. ముప్పై ఏళ్ళుగా రాయే నాకు అన్నం పెడుతోంది. చదివింది భూగర్భశాస్త్రం. మొదట మా ఊరి గ్రానైటు క్వారీల్లో, తరువాత పరాయి దేశాల గనుల్లో పనిచేశాను. ఏడు నెలలుగా పెరూ దేశంలోని ఆంకాష్ కొండల్లో ఉంటున్నాను. కిందటి ఆదివారం ఒక రాయిని చూశాను. అప్పటి నుంచి అది నా మనసులోంచి పోవడం లేదు. ఈ వేదికలో శిల్పాలు, గుళ్ళ గురించి తెలిసినవారు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

ఊరి పేరు చావీన్ దె వాంతర్. వారాస్ పట్టణం నుంచి పొద్దున్నే వ్యాను ఎక్కితే కెరొకోచా సరస్సు పక్కనుంచి కొండ ఎక్కి, 4,500 మీటర్లకు పైన ఉన్న కవీష్ సొరంగం దాటి అవతలి లోయలోకి దిగుతుంది. ఎక్కేటప్పుడు ఊపిరి అందదు, దిగేటప్పుడు చెవులు మూసుకుపోతాయి. గుడి ఉన్న చోటు 3,180 మీటర్ల ఎత్తులో ఉంది. మోస్నా, వచెక్సా అనే రెండు ఏర్లు అక్కడ కలుస్తాయి. ఆ సంగమం ఒడ్డునే సుమారు మూడు వేల ఏళ్ళ కిందట ఈ గుడి కట్టారు. బయటినుంచి చూస్తే పెద్ద రాతి దిబ్బలా ఉంటుంది. అసలు సంగతంతా లోపలే. దిబ్బ పొట్టలో చీమల పుట్టలో దారుల్లాగా సన్నటి నడవాలు, మలుపులు, మెట్లు, చిన్న చిన్న గదులు ఉన్నాయి. కిటికీ అన్నది ఎక్కడా లేదు. గాలి రావడానికి గోడల్లో రాతి గొట్టాలు పెట్టారు.

తల వంచుకుని ఒక నడవలోకి వెళ్ళాను. ఇప్పుడు కరెంటు దీపం పెట్టారు గాని, అది లేకపోతే సొంత చెయ్యి కూడా కనిపించదు. నడవ చివర ఆ రాయి నిలబడి ఉంది. నాలుగున్నర మీటర్ల పొడవు, తెల్లటి గ్రానైటు. బల్లెం మొనలా ఉందని స్పానిష్ వాళ్ళ భాషలో లాన్‌సోన్ అన్నారు, పెద్ద బల్లెం అని అర్థం. దాని అసలు పేరు దాన్ని చెక్కినవారి భాషతో పాటే పోయింది. దగ్గరికి వెళ్ళనివ్వరు, కొంత దూరంలోనే ఆపేస్తారు. నడవ ఎంత ఇరుకంటే నా వెనుక నిలబడిన ఆవిడకు నా భుజం తప్ప ఏమీ కనిపించలేదు. నేను పక్కకు ఒత్తుకుంటేనే ఆవిడ చూడగలిగింది.

అలవాటు కొద్దీ ముందు రాయిని చూశాను, తరువాతే దేవుణ్ణి చూశాను. ఇంత పొడవైన బ్లాకును పగులు లేకుండా విడదీయడం అంటే ఏమిటో నాకు తెలుసు. మా క్వారీలో డైమండ్ వైరు రంపాలు పెట్టుకుని కూడా, బ్లాకు పక్కకు ఒరిగే క్షణంలో అందరం ఊపిరి బిగపట్టేవాళ్ళం. లోపల కంటికి కనిపించని ఒక్క రేక ఉన్నా మొత్తం పోతుంది. ఇక్కడ ఇనుమే లేదు. గట్టి రాతి గుండ్లతో కొట్టి, ఇసుకా నీళ్ళూ పోసి అరగదీసి గీతలు తీశారు. గ్రానైటు మీద అలా ఒక జాన గీత తీయడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఊహించుకోండి.

ఇక ఆ ముఖం. పెద్ద ముక్కు, దళసరి పెదవులు, పెదవుల కొసలు పైకి తిరిగి ఉన్నాయి. నవ్వుతున్నట్టు ఉంటుంది. ఆ నవ్వులోంచి పై కోరలు బయటికి వచ్చాయి. కనుగుడ్లు పైకి తిరిగి ఉన్నాయి. కనుబొమలు పాములు, జుట్టు పాములు. కుడి చెయ్యి పైకెత్తి ఉంది, ఎడమ చెయ్యి కిందికి దించి ఉంది. వేళ్ళ చివర గోళ్ళు మనిషివి కావు. నడుముకు కట్టిన పట్టీ నిండా కూడా కోరల ముఖాలే. ఒక గీత ఒక ముఖానికి పెదవి అవుతుంది, దాన్నే తలకిందులుగా చూస్తే ఇంకో ముఖానికి కనుబొమ అవుతుంది. రాత్రి గదికి వచ్చి, ఆ శిల్పాన్ని చాపలా విప్పి గీసిన బొమ్మను పుస్తకంలో చూశాను. అప్పుడుగాని పక్కల్లో ఏమి చెక్కారో అర్థం కాలేదు. చెక్కడం రాయి చుట్టూ తిరిగి వెళ్తుంది. ఆ నడవలో నిలబడిన ఏ మనిషీ దాన్ని ఒక్క చూపులో చూడలేడు. వెనక్కి జరగడానికి చోటు లేదు. వెలుగు లేదు.

నా ప్రశ్న ఇదే. ఎవరికీ పూర్తిగా కనిపించని చోట ఇంత శ్రమపడి ఎందుకు చెక్కారు? మన గర్భగుడి కూడా చీకటే, నిజమే. కానీ హారతి వెలుగులో స్వామి దర్శనం ఇస్తాడు, దర్శనం కోసమే మనం వరుసలో నిలబడతాం. ఇక్కడ దర్శనానికి వీలే లేకుండా కట్టారు. రెండో సందేహం: ఈ రాయి నడవలోకి ఎలా వచ్చింది? ఆ మలుపుల్లో తిప్పడం అసాధ్యం, ఇది నేను అనుభవంతో చెబుతున్నాను. మూడోది: రాయి పై మొన నుంచి తల దాకా ఒక గాడి ఉంది. అది అభిషేకం లాంటి దానికోసమా?

తెలిసినవారు తీరిగ్గా రాయండి. నాకు తొందర లేదు.


పాతమట్టి జవాబు

రాతిమనిషి గారూ, మీ రెండో సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే జవాబు మీరే సగం చెప్పేశారు. రాయి నడవలోకి రాలేదు, నడవే రాయి చుట్టూ వచ్చింది. పై కొన కప్పులోకి చొచ్చుకుపోయి ఉంటుంది, కింది కొన నేలలో దిగి ఉంటుంది. నాలుగు నడవాలు శిలువ ఆకారంలో కలిసే చోట అది నిలబడి ఉంది. ముందు దాన్ని నిలబెట్టి, తరువాత చుట్టూ గోడలు లేపి, పైన పలకలు కప్పారన్నది ఎక్కువమంది అంగీకరించే మాట. చెక్కింది నిలబెట్టక ముందా, తరువాతా అన్నది మీలాంటి రాతిపని తెలిసినవారు చూసి చెప్పాల్సిన విషయం. ఏమైనా, చెక్కిన శిల్పి దాన్ని పూర్తిగా చూసే ఉంటాడు. అతని తరువాత అలా చూసినవారు బహుశా లేరు, మన కాలంలో దాన్ని కాగితం మీద విప్పి గీసినవారు తప్ప.

నేను పురావస్తుశాస్త్రం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. చావీన్‌కు ఒక్కసారే వెళ్ళాను, పదేళ్ళ కిందట. పాఠం చెప్పేటప్పుడు నేనూ మీలాగే ‘ఎవరు చూశారు’ అని అడిగేదాన్ని. అక్కడికి వెళ్ళి వచ్చాక ప్రశ్న మార్చుకున్నాను. లోపలికి తీసుకువచ్చిన మనిషికి ఏమి జరిగింది? అలా అడిగితే ఆ గుడిలో ప్రతి రాయీ జవాబు చెబుతుంది.

లాన్‌సోన్ ఉన్న గుడి ముందు నేలలోకి దించి కట్టిన గుండ్రటి ముంగిలి ఒకటి చూశారు కదా, సుమారు ఇరవై మీటర్ల వెడల్పుది. లూయిస్ లుంబ్రెరాస్ అనే పెరూ పురావస్తు శాస్త్రవేత్త బృందం 1972లో దాన్ని బయటపెట్టింది. దాని గోడ చుట్టూ చెక్కిన పలకల్లో కింది వరుసలో జాగ్వార్లు, పై వరుసలో కోరలున్న మనుషులు ఊరేగింపుగా నడుస్తుంటారు. వారిలో ఒకరి చేతిలో నిలువుగా పెరిగే జెముడు మొక్క ఉంది. దాన్ని సాన్ పెద్రో అంటారు, ఉడకబెట్టి తాగితే లేనివి కనిపిస్తాయి, ఉన్నవి మారిపోతాయి. ఇంకొకరు శంఖం ఊదుతున్నారు.

ఆ శంఖాలు దొరికాయి. 2001లో జాన్ రిక్ అనే పురావస్తు శాస్త్రవేత్త బృందం ఆ ముంగిలి పక్కనే ఉన్న చిన్న నేలమాళిగలో ఇరవై శంఖాలు తవ్వి తీసింది. అక్కడివాళ్ళు పుతూతు అంటారు. ఊదడానికి మొన కోసి ఉంది, వాడి వాడి నునుపు తేలాయి, కొన్నింటి మీద బొమ్మలు చెక్కి ఉన్నాయి. పెదవి అంచున మూడు మూలల కోత ఒకటి ఉంటుంది. ఆ జాతి శంఖం పెరూ తీరంలోని చల్లటి నీళ్ళలో బతకదు. ఉత్తరాన ఈక్వడార్ వైపు వెచ్చటి సముద్రం నుంచి తెచ్చుకున్నారు. ఊరి మ్యూజియంలో వాటిని పెట్టారు, చూడకపోతే తప్పక చూడండి.

మిరియం కోలార్ అనే ధ్వని పరిశోధకురాలు ఆ నడవాల్లోనే శబ్దాలు కొలిచింది. లాన్‌సోన్ గది నుంచి ముంగిలి వైపుకు రాతి గొట్టాలు ఉన్నాయి, మీరు గాలి కోసమని రాశారే, అవే. శంఖనాదం వాటి గుండా బాగా ప్రయాణిస్తుందని ఆమె తేల్చింది. మీరు ముంగిట్లో నిలబడి ఉన్నారనుకోండి, లోపల ఎవరో ఊదారు. మీ చెవికి అది గోడ మాట్లాడినట్టు ఉంటుంది. నడవ లోపల ఉన్నవారికి శబ్దం ఎటు నుంచి వస్తున్నదో తెలియదు. ఇక నీళ్ళు. గుడి కింద కాలువలు ఉన్నాయి. లుంబ్రెరాస్ బృందం 1970లలో వాటిలో నీళ్ళు వదిలి చూస్తే లోపల పెద్ద జనం చప్పట్లు కొట్టినట్టు హోరు వినిపించింది.

వీటికి తోడు ముక్కుపొడి. ఎముకతోనూ గవ్వతోనూ చేసిన గొట్టాలు మూసి ఉన్న నడవాల్లో దొరికాయి. వాటి లోపల అంటుకున్న మరకలను పరీక్షిస్తే పొగాకు జాతి మొక్కల నికోటిన్, విల్కా అనే చెట్టు గింజల్లో ఉండే డీఎంటీ అనే మత్తు పదార్థం ఆనవాళ్ళు తేలాయి. ఆ ఫలితాలు 2025లోనే అచ్చయ్యాయి. దొరికిన చోటు చాలా చిన్నది, ఒకేసారి పట్టేది కొద్దిమందే. నలుగురూ కలిసి పండుగ చేసుకున్న చోటు కాదది. ఎంపిక చేసిన కొద్దిమందికి మాత్రమే దక్కిన అనుభవం.

ఇప్పుడు ఆ మనిషి స్థానంలో నిలబడండి. ఎన్నో రోజులు కొండలు ఎక్కి దిగి వచ్చాడు. ముంగిట్లో శంఖాల హోరు విన్నాడు. ముక్కుతో పొడి పీల్చాడు, లేదా జెముడు కషాయం తాగాడు. చెయ్యి పట్టి చీకట్లోకి నడిపించారు. కాళ్ళ కింద నీటి గర్జన. మలుపు తిరిగాడు. ఎదురుగా ఒక్క దివిటీ వెలుగులో కోరలు, పైకి తిరిగిన కళ్ళు, పాముల కనుబొమలు. దీపం కదిలితే పాములూ కదులుతాయి. మొత్తం కనిపించకపోవడమే ఆ శిల్పం బలం. ముక్కలు ముక్కలుగా చీకట్లోంచి బయటికి వచ్చి మళ్ళీ చీకట్లోకి పోయేలా దాన్ని చెక్కారని నా నమ్మకం. మీరు చెప్పిన ఆ రెండు ముఖాల గీత ఉంది చూశారూ, మామూలు కళ్ళతో చూసినవారికి అది చమత్కారం. అతని కళ్ళకు ఆ ముఖం నిజంగానే మారిపోయి ఉంటుంది.

బయటి గోడల్లో ఒకప్పుడు రాతి తలకాయలు గుచ్చి ఉండేవి. ఇప్పుడు గోడలో ఒక్కటే మిగిలింది. 1945 జనవరిలో కొండ మీది నుంచి బురద ముంచెత్తినప్పుడు చాలా నష్టం జరిగింది. మ్యూజియంలో ఉన్న తలలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి మనిషి ముఖం, ఇంకొకటి ముడతలు పడి కళ్ళు పొడుచుకు వచ్చిన ముఖం, ముక్కులోంచి చీమిడి కారుతూ ఉంటుంది, మరొకటి కోరలు వచ్చి పూర్తిగా పులి అయిపోయిన ముఖం. ముక్కుపొడి పీల్చిన మనిషికి జరిగేది అదే, చీమిడితో సహా. పూజారి మృగంగా మారడాన్ని ఊరందరికీ కనిపించేలా గోడ మీద పెట్టారు. ఆ మార్పుకు మూలమైన దేవుణ్ణి మాత్రం లోపల దాచారు.

పైకెత్తిన చెయ్యి, దించిన చెయ్యి గురించి: పైలోకాన్నీ కిందిలోకాన్నీ కలిపి పట్టుకున్న దేవుడని కొందరు పండితులు అంటారు. రాయి కూడా నేలనూ కప్పునూ కలిపే స్తంభమే కదా. అక్కడే దొరికిన ఇంకో పలకలో ఇలాంటి దేవుడే ఒక చేతిలో శంఖం, ఇంకో చేతిలో ముళ్ళున్న సముద్రపు ఆల్చిప్ప పట్టుకుని ఉంటాడు. గాడి విషయానికి వస్తే, ద్రవం ఏదో పోసి ఉంటారని అనేవారు ఉన్నారు. పైనుంచి ఎవరో దాగి మాట్లాడేవారని, ఇది జోస్యం చెప్పే దేవుడని అనేవారూ ఉన్నారు. 17వ శతాబ్ది ఆరంభంలో ఇటువైపు వచ్చిన వాస్కెస్ దె ఎస్పినోసా అనే స్పానిష్ సన్యాసి, ఈ చోటు ఇక్కడివారికి రోము, జెరూసలేము లాంటిదని రాశాడు. గుడి మూతబడి అప్పటికి రెండు వేల ఏళ్ళు. పేరు అంతకాలం నిలిచింది.


గరుడకంబం జవాబు

అయ్యా, అమ్మా, నాకు పెరూ సంగతులు తెలియవు. శంఖం సంగతి తెలుసు. పాతమట్టి గారు రాసింది చదివి నిద్రపట్టక రాస్తున్నాను.

మాది దాసరి కుటుంబం. మా నాన్నగారు, పెదనాన్నగారు శంఖం, జేగంట, గరుడకంబం పట్టుకుని శనివారాలు ఊళ్ళు తిరిగేవారు, పెద్దకర్మలకు పిలిస్తే వెళ్ళేవారు. నాన్నగారి శంఖం ఇప్పుడు నా దగ్గర ఉంది. మొన కోసిన చోట చుట్టూ ఎంత నునుపు తేలిందంటే, వేలు పెడితే గాజు ముట్టుకున్నట్టు ఉంటుంది. ఎవరూ సాన పెట్టలేదు, మూడు తరాల పెదవులు చేసిన పని అది. మూడు వేల ఏళ్ళ నాటి శంఖాల మీద అదే నునుపు ఉందని చదివితే ఒళ్ళు జలదరించింది.

శంఖం ఊదడం అంటే ఊపిరి వదలడం అనుకుంటారు. పెదవులు బిగించి వాటిని అదిరించాలి. నాదం పెదవుల దగ్గర పుట్టి, శంఖం లోపలి మెలికల్లో పెరిగి బయటికి వస్తుంది. అరచెయ్యి నోటి దగ్గర పెట్టి మూస్తూ తెరుస్తూ ఉంటే నాదం లోతుకు పోతుంది, మళ్ళీ తేలుతుంది. ఆ మూడు మూలల కోత అన్నారే, నాకు అది చూడగానే చెయ్యి లోపలికి పోనివ్వడానికో, పట్టు కోసమో అనిపిస్తుంది. బరువైన శంఖాన్ని నడుస్తూ ఊదాలంటే వేలికి ఒక ఆనిక కావాలి.

ఇంకో మాట. నాన్నగారి శంఖమూ పెదనాన్నగారి శంఖమూ దాదాపు ఒకే శ్రుతి, కానీ సరిగ్గా ఒకటి కాదు. ఇద్దరూ కలిసి ఊదితే రెండింటి మధ్యా మూడోది ఒకటి పుట్టేది. అలలు అలలుగా, వంవం వంవం అంటూ కొట్టుకునేది. పొలం గట్టు మీద ఊదితే అంతగా తెలిసేది కాదు. ఒకసారి వానకు తడవకుండా ఒక పాత మండపంలో దూరి ఊదారు. నేను అప్పుడు ఎనిమిదేళ్ళవాణ్ణి. ఆ కొట్టుకోవడం చెవుల్లో కాదు, నా పళ్ళలో, రొమ్ములో తెలిసింది. భయపడి నాన్నగారి పంచె పట్టుకున్నాను. రెండు శంఖాలకే అది. రాతి గోడల మధ్య ఇరవై శంఖాలు, అందులో ఏ రెండూ ఒకే శ్రుతిలో ఉండవు, ఎందుకంటే సముద్రం రెండు శంఖాలను ఒకేలా చెయ్యదు. ఆ మనిషికి రాయి కదిలినట్టు అనిపించిందంటే నేను నమ్ముతాను, మందేదీ తాగకపోయినా నమ్ముతాను.


కందనూలు జవాబు

చాలా మంచి చర్చ. నాదొక సందేహం, కోప్పడకండి. కోరలు, గోళ్ళు, సగం మనిషి సగం మృగం, పైగా స్తంభంలో ఉన్నాడు. మా అహోబిలం చూసి పెరిగినవాణ్ణి, నాకు వెంటనే నరసింహస్వామి గుర్తుకు వచ్చాడు. శంఖం కూడా ఉంది. మనవాళ్ళు అక్కడికి వెళ్ళి ఉండే అవకాశం లేదా?


పాతమట్టి జవాబు

కందనూలు గారూ, కోపం ఎందుకు? అహోబిలం చూసినవారికి అలా తోచకపోతేనే ఆశ్చర్యం. అయితే ఆ కోరలు ఎవరివో చూడండి. అవి జాగ్వార్‌వి. ఆ గుడిలో దొరికిన తేయో స్తంభం మీద మొసలి జాతికి చెందిన కైమన్లు ఉన్నాయి, వాటి ఒంట్లోంచి కర్రపెండలం, మిరప, సొర లాంటి మొక్కలు మొలుస్తూ ఉంటాయి. జాగ్వార్, కైమన్, ఆ పాములు, అక్కడి చెక్కడాల్లో కనిపించే గద్దలు చాలావరకు తూర్పున అమెజాన్ అడవుల జీవాలు. శంఖం ఉత్తరపు సముద్రానిది. గుడి ఉన్నది చలి కొండల్లో. అంటే అడవిని, సముద్రాన్ని, కొండను ఒక్కచోటికి తెచ్చి కూర్చిన మనుషులు వాళ్ళు. పెరూ పురావస్తు శాస్త్రానికి ఆద్యుడైన హూలియో సి. తేయో 1919లో అక్కడికి వెళ్ళి పని మొదలుపెట్టినప్పుడు చాటిందీ అదే: ఈ నాగరికత ఈ నేలలోంచే పుట్టింది. తాను కొండ జాతి బిడ్డ, కెచువా అనే అక్కడి కొండవాసుల భాష మాట్లాడే ఇంట పుట్టినవాడు. బయటివాళ్ళు ఎవరో వచ్చి కట్టి ఉంటారన్న మాట వాళ్ళు తరతరాలుగా విని విసిగిపోయి ఉన్నారు. మన తరఫు నుంచి కూడా ఆ మాట వినిపించకూడదని నాకు గట్టిగా ఉంది.

పోలిక మాత్రం పెట్టుకుందాం, తప్పులేదు. నరసింహుడు స్తంభం చీల్చుకుని బయటికి వస్తాడు, వచ్చి అందరికీ కనిపిస్తాడు. ఈ దేవుడు స్తంభంలోనే ఉండిపోయాడు. ఆయన దగ్గరికి మనిషే నడిచి వెళ్ళాలి, వెళ్ళినవాడే మారాలి. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరూ ఇంకా బాగా అర్థమవుతారు.


రాతిమనిషి జవాబు

నిన్న ఆదివారం మళ్ళీ వెళ్ళి వచ్చాను. అందుకే ఆలస్యం.

పాతమట్టి గారూ, ముందు మ్యూజియానికి వెళ్ళి శంఖాల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఒకదాని మీద గీతలు అరిగిపోయి ఉన్నాయి. చెయ్యి పట్టిన చోట ఎక్కువ అరిగి, మిగతా చోట్ల స్పష్టంగా ఉన్నాయి. గరుడకంబం గారు చెప్పిన నునుపు కూడా చూశాను, అద్దం అవతల నుంచైనా తెలుస్తుంది. ఆ కోత దగ్గర నా బొటనవేలు ఎలా ఆనుతుందో గాలిలో పట్టి చూశాను. కాపలా ఉన్న ఆయన నన్ను వింతగా చూసి, తరువాత తానే దగ్గరికి వచ్చి రెండు చేతులతో పట్టి చూపించాడు.

లాన్‌సోన్ నడవలోకి చివరి గుంపుతో వెళ్ళాను. బడిపిల్లలు ఒక పదిహేనుమంది ఉన్నారు. అందరినీ ముందు పోనిచ్చి నేను వెనుక ఆగాను. ఈసారి కళ్ళు మూసుకుని నడిచాను, కుడి చెయ్యి గోడ మీద పెట్టుకుని. పలకరాయి చల్లగా, చెమ్మగా ఉంది. పిల్లల మాటలు మొదట ముందునుంచి వస్తున్నాయి. నాలుగు అడుగులు వేశాక పైనుంచి వస్తున్నట్టు అనిపించింది. ఎవరో అమ్మాయి దగ్గింది. నా ఎడమ చెవి పక్కనే, వేలెడు దూరంలో దగ్గినట్టు వినిపించి ఉలిక్కిపడి కళ్ళు తెరిచాను. ఎడమ పక్కన గోడ ఉంది. అమ్మాయి కుడి మలుపులో, ఐదారు గజాల దూరంలో ఉంది. ఒక్క దగ్గుకే నాకు అంత అయింది.

రాయి దగ్గరికి చేరాక దాని చెక్కడం గురించి ఒక సంగతి గమనించాను. పాతమట్టి గారు అడిగారు కదా, నిలబెట్టక ముందా తరువాతా అని. దూరం నుంచి చూసి తీర్పు చెప్పలేను. కానీ రాయికి పలక అంచులు సరిచెయ్యలేదు. దాని సహజమైన ఆకారం ఎటు వంగితే బొమ్మ అటు వంగింది. భుజం దగ్గర రాయి లోపలికి తిరిగిన చోట చెయ్యి కూడా దానితో పాటే తిరిగింది. మా ఊళ్ళో దేవుడి విగ్రహానికి రాయి ఎంచేటప్పుడు పెద్ద శిల్పులు ముందు సుత్తితో తట్టి వినేవారు, గంటలా మోగితేనే తీసుకునేవారు. ఈ రాయిని కూడా ఎవరో అలా తట్టి విని, ఆ ఆకారాన్ని చెడగొట్టడానికి మనసు రాక అలాగే ఉంచారని నా మనసుకు తోచింది. బల్లెం ఆకారం మనుషులు ఇచ్చింది కాదు, కొండ ఇచ్చిందేమో. అందుకే అది నిలబడిన తరువాత చుట్టూ గుడి వచ్చింది.

గరుడకంబం గారూ, మీకొక మనవి. మీ నాన్నగారి శంఖంతో పాటు పెదనాన్నగారిది కూడా మీ ఇళ్ళలో ఎక్కడైనా ఉందా? ఉంటే, తెలిసినవారితో కలిసి రెండూ ఒకేసారి ఊది ఫోనులో రికార్డు చేసి ఇక్కడ పెట్టగలరా? వీలైతే ఆ పాత మండపంలోనే. నేను మార్చి చివరిదాకా ఇక్కడే ఉంటాను. గుండ్రటి ముంగిలి గట్టు మీద కూర్చుని, ఆ మెట్ల వైపు తిరిగి వింటాను.


గరుడకంబం జవాబు

పెదనాన్నగారి శంఖం మా అన్నయ్య దగ్గర ఉంది, దేవుడి గూట్లో. మండపం కప్పు ఒక పక్క కూలింది కానీ నిలబడే ఉంది. వచ్చే శనివారం వెళ్తున్నాం.